కాలిఫోర్నియా ట్రాఫిక్ టికెట్: కట్టేయాలా, ట్రాఫిక్ స్కూలుకెళ్లాలా, కోర్టులో పోరాడాలా?

ఫ్రీమాంట్‌లోనో శాన్ హోజేలోనో టికెట్ చేతికొచ్చిన మనవాళ్లలో చాలామంది చేసే పని ఒక్కటే. కోర్టు నుంచి నోటీసు రాగానే ఆన్‌లైన్‌లో కార్డు నంబరు కొట్టి డబ్బు కట్టేస్తారు. కోర్టు అనే మాట వింటేనే గుబులు, వీసా మీద ఉన్నవాళ్లకైతే ఇంకా ఎక్కువ. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఊరికే కట్టేయడమంటే నేరం ఒప్పుకున్నట్టే లెక్క. ఆ తీర్పు లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ డీఎంవీకి వెళుతుంది, మీ డ్రైవింగ్ రికార్డులో తప్పుకు గుర్తుగా పాయింటు పడుతుంది, ఇన్సూరెన్సు కంపెనీ దాన్ని చూస్తుంది. ఏమీ ఆలోచించకుండా కట్టేయడం ఉన్న దారులన్నిటిలోకీ ఖరీదైనది. ఇంకో దారి తీసుకోవడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు.

ఇక్కడ చెప్పేదంతా కాలిఫోర్నియాకే వర్తిస్తుంది. టెక్సస్‌లో, న్యూజెర్సీలో పద్ధతులు వేరు. అక్కడున్న బంధువులు ఇచ్చే సలహా ఇక్కడ పనికిరాకపోవచ్చు.

ముందు టికెట్టునే సరిగ్గా చదవండి

టికెట్ మీద సంతకం పెట్టినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఫలానా తేదీలోపు కోర్టుకు జవాబిస్తానని మాట ఇవ్వడమే దాని అర్థం. అందుకని సంతకం పెట్టేశాను, ఇక అయిపోయింది అనుకోవద్దు.

చూడాల్సింది వెహికల్ కోడ్ సెక్షన్ నంబరు. కేసు ఎంత బలంగా ఉందో తేల్చేది అదే. పక్కనే అది ఇన్‌ఫ్రాక్షనా (చిన్న ఉల్లంఘన), మిస్‌డిమీనరా (జైలు దాకా పోగల నేరం) అన్నది ఉంటుంది. ఇన్‌ఫ్రాక్షన్ అయితే జైలు ఉండదు, జ్యూరీ ఉండదు, ప్రభుత్వం లాయరును ఇవ్వదు. మద్యం తాగి నడపడం, రెక్‌లెస్ డ్రైవింగ్ లాంటివి మిస్‌డిమీనర్లు. వాటికి ఈ వ్యాసం సరిపోదు, వెంటనే లాయరు దగ్గరికి వెళ్లాలి. లైసెన్సు లేకుండా నడిపారని 12500 సెక్షన్ కింద రాసిన టికెట్టును కూడా చిన్నదిగా తీసుకోకండి. కాలిఫోర్నియాలో స్థిరపడ్డాక 10 రోజుల్లో ఇక్కడి లైసెన్సు తీసుకోవాలన్నది రూలు. మన దేశపు లైసెన్సుతో నెలల తరబడి నెట్టుకొచ్చేవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే.

ఇక మిగిలింది తేదీ. గడువును గుర్తుచేస్తూ కోర్టు పంపే నోటీసు (కర్టసీ నోటీస్) పోస్టులో రాకపోయినా గడువు గడువే. అడ్రసు మారిందనో ఉత్తరం అందలేదనో చెప్పినా నిలవదు. గడువు దాటితే అదనంగా 100 డాలర్ల దాకా పడుతుంది, కోర్టుకు రాలేదన్న కొత్త నేరం కూడా నెత్తిన పడొచ్చు. కౌంటీ సుపీరియర్ కోర్టు వెబ్‌సైటులో టికెట్ నంబరు కొట్టి మీరే వెతుక్కోండి.

లైటు పాడైందనో రిజిస్ట్రేషన్ స్టిక్కరు లేదనో ఇచ్చే టికెట్లకు ఈ తర్జనభర్జన ఏమీ అక్కర్లేదు. బాగుచేయించి, అధికారితో సంతకం పెట్టించి, 25 డాలర్లు కడితే కొట్టేస్తారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 2025 నుంచి వస్తున్న స్పీడ్ కెమెరా నోటీసులూ వేరే సంగతి. అవి సివిల్ జరిమానాలు, పాయింటు పడదు, అభ్యంతరం చెప్పే పద్ధతి వేరు. పార్కింగ్ టికెట్టూ అంతే.

జరిమానా కాదు, పాయింటు చూడండి

జరిమానా లెక్క కొత్తవాళ్లను కంగారు పెడుతుంది. స్టాప్ సైన్ గీత దగ్గర పూర్తిగా ఆగకపోయినా, లిమిట్ మీద 15 మైళ్లలోపు ఎక్కువ వెళ్లినా మూల జరిమానా 35 డాలర్లే. దాని మీద రాష్ట్రమూ కౌంటీ వేసే రుసుములన్నీ కలిపితే సుమారు 240 అవుతుంది. 16 నుంచి 25 మైళ్లు ఎక్కువైతే దాదాపు 370. రెడ్ లైటు దాటితే 490 చుట్టుపక్కల. కౌంటీని బట్టి కొంచెం అటూ ఇటూ.

ఆ డబ్బు ఒక్కసారి పోతుంది. పాయింటు మాత్రం మూడేళ్లకు పైగా వెంట వస్తుంది. మామూలు స్పీడింగుకు ఒక పాయింటు, గంటకు 100 మైళ్లు దాటితే రెండు. 12 నెలల్లో 4, 24 నెలల్లో 6, 36 నెలల్లో 8 పాయింట్లయితే డీఎంవీ మిమ్మల్ని అజాగ్రత్త డ్రైవరుగా లెక్కగట్టి లైసెన్సు మీద చర్య మొదలుపెట్టవచ్చు. మామూలు మనిషికి అంతకన్నా ముందే తగిలేది ఇన్సూరెన్సు దెబ్బ. 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 103 ప్రకారం మంచి డ్రైవర్లకు కనీసం 20 శాతం తగ్గింపు ఇవ్వాలి. గత మూడేళ్లలో ఒక పాయింటుకు మించి లేనివాళ్లే ఆ లెక్కలోకి వస్తారు. అంటే మొదటి పాయింటుతో ఆ తగ్గింపు పోదు (కంపెనీ ప్రీమియం పెంచితే పెంచవచ్చు). రెండో పాయింటుతో పోతుంది. ఇంట్లో రెండు కార్లు, పదహారేళ్ల పిల్ల కొత్తగా డ్రైవింగు మొదలుపెట్టిన కుటుంబానికి ఆ 20 శాతం చిన్న మొత్తం కాదు.

కాబట్టి ఎవరైనా నన్ను సలహా అడిగితే మొదట రెండు ప్రశ్నలే వేస్తాను. మీ రికార్డులో ఇప్పటికే పాయింటు ఉందా? గత 18 నెలల్లో ట్రాఫిక్ స్కూలుకు వెళ్లారా?

ట్రాఫిక్ స్కూలు: సగం నష్టంతో బయటపడటం

ట్రాఫిక్ స్కూలు జరిమానాకు బదులు కాదు, చాలామంది అలా అనుకుంటారు. జరిమానా పూర్తిగా కట్టాలి, దాని మీద కోర్టు రుసుము సుమారు 50 డాలర్లు, స్కూలు ఫీజు విడిగా. బదులుగా ఆ తీర్పు రికార్డులో గోప్యంగా ఉండిపోతుంది, ఇన్సూరెన్సు వాళ్లకు కనబడదు. ఆన్‌లైన్‌లో కొన్ని గంటల పాఠం, చివర ఒక పరీక్ష. మనవాళ్లకు పరీక్షలు రాయడం కొత్త కాదు గదా.

అందరికీ ఈ అవకాశం ఉండదు. ఇదివరకు ఏ ఉల్లంఘనకైనా స్కూలుకు వెళ్లి ఉంటే, ఆ ఉల్లంఘన తేదీ నుంచి ఇప్పటి ఉల్లంఘన తేదీకి 18 నెలలు దాటి ఉండాలి. లిమిట్ మీద 25 మైళ్లకు మించి ఎక్కువ వెళ్లి ఉంటే క్లర్కు దగ్గర దొరకదు. ట్రక్కులు నడిపే కమర్షియల్ లైసెన్సు ఉన్నవాళ్లు సొంత కారులో టికెట్ తెచ్చుకుని స్కూలుకు వెళ్లినా అది రికార్డులో దాగదు. వాళ్ల ఉద్యోగమే ఆ రికార్డు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి వాళ్లు పోరాడే దారినే గట్టిగా ఆలోచించాలి.

నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. తప్పు నిజంగా చేసి, చెప్పుకోవడానికి గట్టి వాదన ఏదీ లేకపోతే, స్కూలుకు అర్హత ఉంటే, అదే తీసుకోండి. ఎందుకంటే పోరాడి ఓడాక స్కూలు ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. ఇస్తారు, ఇవ్వకపోనూవచ్చు. ఖాయంగా దొరికేదాన్ని వదులుకుని పోరాటానికి దిగేటప్పుడు చేతిలో సరుకుండాలి.

ఆ సరుకు ఉందో లేదో సెక్షన్ నంబరు చెబుతుంది

స్పీడింగ్ టికెట్లన్నీ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. 22349 అంటే రాష్ట్రం పెట్టిన గరిష్ఠ వేగం, ఎక్కువ రోడ్ల మీద 65 మైళ్లు. 880, 101 లాంటి ఫ్రీవేల మీద వచ్చేవి సాధారణంగా ఇవే. 22350 అంటే బేసిక్ స్పీడ్ లా. ఊళ్లోని పెద్ద వీధుల్లో 35, 40, 45 బోర్డులున్నచోట వచ్చేది ఇది.

రెంటి మధ్య తేడా మొత్తం కేసునే మార్చేస్తుంది. 22350 కింద బోర్డు మీద అంకె దాటడమే నేరం కాదు. ఆ సమయంలో, ఆ చోట, ఆ పరిస్థితుల్లో మీ వేగం ప్రమాదకరమైనదా కాదా అన్నదే ప్రశ్న. ఎండగా ఉంది, రోడ్డు పొడిగా ఉంది, ట్రాఫిక్ పలచగా ఉంది, పాదచారులు లేరు అని తగిన ఆధారాలతో చూపగలిగితే అది చట్టం ఒప్పుకునే వాదన. దీనికి తోడు, రాడార్‌తోనో లేజర్‌తోనో కొలిచి టికెట్ రాస్తే ఆ రోడ్డు మీద స్పీడ్ లిమిట్‌ను సమర్థించే ఇంజినీరింగ్ సర్వే ఉండాలి. మామూలుగా అది 5 ఏళ్లలోపుది కావాలి. అధికారికి శిక్షణ ఉండి, పరికరాన్ని సరిచూసినట్టు రుజువుంటే 7 ఏళ్లు, ఇంకొన్ని షరతులు తీరితే అంతకన్నా ఎక్కువ. సరైన సర్వే లేకపోతే చట్టం దృష్టిలో అది స్పీడ్ ట్రాప్, 40802 సెక్షన్ చెప్పేది ఇదే. అప్పుడు ఆ రాడార్ సాక్ష్యం చెల్లదు. స్కూలు జోన్లకూ చిన్న వీధులకూ ఈ రక్షణ లేదు. సర్వే కాపీ కావాలంటే సిటీ ట్రాఫిక్ ఇంజినీరింగ్ విభాగానికి రాసి అడగవచ్చు. జవాబు రావడానికి సమయం పడుతుంది కాబట్టి టికెట్ వచ్చిన వారంలోనే అడగండి.

22349 కింద ఇవేవీ పనిచేయవు. అక్కడ 66 కూడా నేరమే. “అందరూ 80లో పోతున్నారు, నేనూ వాళ్లతోపాటే వెళ్లాను” అని రాసేవాళ్లు ఎంతమందో! అది వాదన కాదు, ఒప్పుకోలు. ఫ్రీవే టికెట్టులో మిగిలేవి కొద్ది దారులే. అధికారి కొలిచింది మీ కారునేనా, వెనకాల వచ్చి వేగం అంచనా వేసి ఉంటే ఎంత దూరం వెంబడించారు, మధ్యలో ఇంకో వాహనం అడ్డొచ్చిందా. ఇవేవీ లేకపోతే స్కూలే మేలు.

స్టాప్ సైన్ టికెట్టులో ప్రశ్న అంతా అధికారి ఎక్కడ నిలబడి చూశారన్నదే. గీత కనబడని చోట నుంచి చూసి రాసుంటే, చెట్టుకొమ్మలు బోర్డును కమ్మేసి ఉంటే, ఫొటోలు తీయండి. డ్రైవరు సీట్లోంచి కనబడేట్టు ఒకటి, అధికారి ఉన్న చోటునుంచి ఒకటి. రేపో ఎల్లుండో కొమ్మలు నరికేస్తారు, కాబట్టి ఆ పని ఇవాళే చేయండి.

ఫోను టికెట్టుకు మొదటిసారి పాయింటు లేదు. 36 నెలల్లో రెండోసారి పడితే పాయింటుంది. మ్యాప్ చూశానంతే, మాట్లాడలేదు, మెసేజ్ పెట్టలేదు అన్న వాదన ఇక మర్చిపోండి. చేతిలో ఫోను పట్టుకుని మ్యాప్ చూడటం కూడా ఉల్లంఘనేనని 2025 జూన్‌లో ఇక్కడి అప్పీలు కోర్టు తేల్చేసింది. స్టాండులో పెట్టి ఒక్క వేలితో ఒక్కసారి తాకడం వరకే చట్టం ఒప్పుకుంటుంది.

కాగితం మీదా, నేరుగా కోర్టులోనా?

పోరాడాలని తేల్చుకున్నాక వచ్చే అసలు ప్రశ్న ఇది. మన జనానికి అంతగా తెలియనిదీ ఇదే.

కాలిఫోర్నియాలో ఇన్‌ఫ్రాక్షన్ కేసును కోర్టుకు వెళ్లకుండా రాతపూర్వకంగా వాదించుకోవచ్చు. దాన్ని ట్రయల్ బై రిటెన్ డిక్లరేషన్ అంటారు. టీఆర్-205 అనే ఫారం నింపి, మీ వాదన రాసి, ఫొటోలు, సర్వే కాపీ జతచేసి గడువులోపు పంపాలి. జరిమానా మొత్తం ముందే డిపాజిట్ కట్టాలి, గెలిస్తే వెనక్కి వస్తుంది. కోర్టు టికెట్ రాసిన అధికారిని కూడా తన వాంగ్మూలం రాసి పంపమంటుంది. ఆయన పంపకపోతే మామూలుగా కేసు కొట్టేస్తారు. పంపితే రెండూ చదివి జడ్జి తేలుస్తారు.

దీని బలమంతా ఓడిపోయాక కనబడుతుంది. తీర్పు పంపిన తేదీ నుంచి 20 రోజుల్లో టీఆర్-220 ఫారం వేస్తే ఆ తీర్పు లేనట్టే లెక్క, కోర్టులో మళ్లీ మొదటి నుంచి విచారణ జరుగుతుంది. దాన్ని ట్రయల్ డి నోవో అంటారు. అప్పటికి అధికారి రాసిచ్చిన వాంగ్మూలం కాపీ కోర్టు నుంచి తెచ్చుకోవచ్చు. ఆయన ఏం చెప్పబోతున్నారో ముందే చదువుకుని వెళ్లే వీలు నేరుగా కోర్టుకు వెళ్లినవాళ్లకు ఇంత తేలిగ్గా దొరకదు. ఈ 20 రోజులు మాత్రం కాలెండరులో రాసిపెట్టుకోండి. పండగకు హైదరాబాదు వెళ్లి పోస్టు చూసుకోక ఈ అవకాశం పోగొట్టుకోవద్దు.

నేరుగా కోర్టుకు వెళ్లే దారిలోనూ ఒక సుఖముంది. ముందు డబ్బు కట్టక్కర్లేదు. 2015 నుంచి ఉన్న కోర్టు నియమం ప్రకారం కోర్టుకు వచ్చి విచారణ కోరేవాళ్లను కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప డిపాజిట్ అడగకూడదు. 490 డాలర్లు నెలల తరబడి ఇరుక్కుపోవడం భరించలేని విద్యార్థికి ఇది పెద్ద విషయం. మొదట అరెయిన్‌మెంటుకు, అంటే తప్పు ఒప్పుకుంటారా లేదా అని కోర్టు అడిగే తొలి హాజరుకు, వెళ్లి తప్పు చేయలేదని చెబుతారు, తర్వాత విచారణ తేదీ ఇస్తారు. అరెయిన్‌మెంటు రోజు నుంచి 45 రోజుల్లో విచారణ జరపమని కోరే హక్కు మీకుంది. ఆ హక్కు వదులుకుంటారా అని అడిగితే, అర్థం చేసుకోకుండా సరేనని తల ఊపకండి.

ఈ దారిలో ఇంకో లాభం, అధికారిని మీరే ప్రశ్నలు అడగవచ్చు. కాగితం మీద అది కుదరదు. నష్టం, ఒక్కటే అవకాశం. ఓడితే 30 రోజుల్లో అప్పీలుంది కానీ అక్కడ కేసు కొత్తగా వినరు, చట్టపరమైన తప్పు జరిగిందా అన్నదే చూస్తారు.

రెండూ పక్కపక్కన పెడితే చాలామందికి కాగితం దారే ముందు పెట్టమంటాను. సెలవు పెట్టక్కర్లేదు, జడ్జి ముందు ఇంగ్లీషులో తడబడతామేమోనన్న బెంగ లేదు, ఓడినా ఇంకో విచారణ మిగిలే ఉంటుంది. ముఖ్యంగా 22350, సర్వే మీద ఆధారపడే కేసుల్లో వాదన కాగితం మీదే స్పష్టంగా కనబడుతుంది. కేసు అంతా అధికారి చూపు, దూరం, జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటే, లేదా డిపాజిట్ కట్టే వెసులుబాటు లేకపోతే నేరుగా వెళ్లండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. అధికారి రారులే అన్న ఒక్క ఆశ మీద ఏ దారీ ఎంచుకోవద్దు. వాళ్ల కేసులన్నీ ఒకే రోజుకు పెట్టడం మామూలే, వస్తారు.

కాగితం మీద ఏం రాసినా అబద్ధం రాయకండి. టీఆర్-205 కింద మీ సంతకం ప్రమాణం చేసి చెప్పినట్టే, అబద్ధమైతే అది పెర్జురీ, టికెట్టుకన్నా ఎన్నో రెట్లు పెద్ద నేరం. ఎంత వేగంతో వెళ్లారో మీరై చెప్పాల్సిన అవసరం లేదు. రుజువు చేయాల్సింది వాళ్లు, అదీ సందేహానికి తావులేకుండా. చెప్పిందల్లా నిజమై ఉంటే చాలు. ఓడితే ట్రాఫిక్ స్కూలుకు అనుమతించమని చివర్లో ఒక వాక్యం అడగడం మాత్రం మరిచిపోకండి.

లాయరు ఎప్పుడు, తగ్గింపు ఎప్పుడు

ఇన్‌ఫ్రాక్షన్ కేసుల్లో మీ బదులు లాయరే కోర్టుకు వెళ్లవచ్చు. వందల డాలర్ల ఫీజు పెట్టి 240 డాలర్ల టికెట్టుకు లాయరును పెట్టుకోవడం నాకు సబబుగా తోచదు. 100 మైళ్లు దాటిన కేసు, కమర్షియల్ లైసెన్సు, ఇప్పటికే పాయింట్లు పేరుకుపోయి లైసెన్సే పోయే స్థితి, ప్రమాదంలో ఎవరికైనా దెబ్బలు తగిలిన కేసు అయితే మరో ఆలోచన లేకుండా పెట్టుకోండి.

వాదనేమీ లేదు, డబ్బూ లేదు అంటే మైసైటేషన్స్ అనే కోర్టుల ఆన్‌లైన్ పద్ధతి ఉంది. ఆదాయం తక్కువని చూపితే జరిమానా తగ్గించమనీ వాయిదాలమీద కడతామనీ అడగవచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువుకునే పిల్లలకు ఇది తెలియక అప్పుచేసి కడుతున్నారు. పాయింటు మాత్రం దీనితో పోదు.

వీసా భయం గురించి

మామూలు స్పీడింగ్ టికెట్ మీద కోర్టుకెళ్లి తప్పు చేయలేదని చెప్పడం ఇమిగ్రేషన్‌కు చేటు చేయదు. పౌరసత్వం కోసం వేసే ఎన్-400 ఫారం మీకెప్పుడైనా సైటేషన్ (ఇలాంటి టికెట్) వచ్చిందా అని అడుగుతుంది. అక్కడ దాచకుండా రాయండి. మద్యం, మాదకద్రవ్యాలు, అరెస్టు లేని, 500 డాలర్లలోపు జరిమానాతో ముగిసిన ట్రాఫిక్ కేసులకు సాధారణంగా పత్రాలు జతచేయక్కర్లేదు. అయినా కేసు ముగిసిన కాగితం దాచిపెట్టుకోండి. తాగి నడిపి అరెస్టయితే సంగతి వేరు. శిక్ష పడకముందే వీసా రద్దుచేసే అధికారం విదేశాంగ శాఖకుంది. అలాంటప్పుడు క్రిమినల్ లాయరుతోపాటు ఇమిగ్రేషన్ లాయరు కూడా కావాలి.

కోర్టులో ఆ రోజు

ఇన్‌ఫ్రాక్షన్ విచారణలో తరచుగా ప్రాసిక్యూటరు కూడా ఉండరు. జడ్జి, టికెట్ రాసిన అధికారి, మీరు. అధికారి ముందు చెబుతారు, మీరు ప్రశ్నలు అడుగుతారు, తర్వాత మీ వంతు. అధికారి చెప్పినదాంట్లో నేరానికి కావాల్సిన ముఖ్యమైన ముక్క లోపిస్తే, మీరు నోరు విప్పకముందే కేసు కొట్టేయమని అడగవచ్చు. 22350 కేసులో సర్వే చూపించకపోవడం అలాంటిదే. ఫొటోలు ఫోనులో కాకుండా అచ్చువేయించి మూడు కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి జడ్జికి, ఒకటి అధికారికి, ఒకటి మీకు. అమ్మానాన్నల్లో ఎవరికో వచ్చిన టికెట్ అయితే తెలుగు దుబాసీ కావాలని కోర్టును అడగండి, దానికి డబ్బు తీసుకోరు. తెలుగు దుబాసీలు స్పానిష్ వాళ్లలా అక్కడే సిద్ధంగా ఉండరు కాబట్టి, తేదీ ఖరారైన రోజే క్లర్కుకు చెప్పి పెట్టుకోవాలి.